తేనెలోని ఖనిజములు

తేనె రుచి నెరుగనివారు మన దేశమున ఉండరు. దేవుని పంచామృతములలో అది యొకటి. వైద్యుని మందునకు అది అనుపానము. ఇంటిలో ఎవరికి దగ్గు వచ్చినను, ఎవరు నీరసించినను, పెద్దలు మొదట తలచుకొనునది అలమారలోని తేనె సీసానే. "తేనె రక్తమును వృద్ధి చేయును, అందులో ఇనుమున్నది" అను మాట మనలో పెక్కుమంది విన్నదే. ఈ మాటలో నిజమెంత? తేనెలో ఇనుమున్నదా? ఉన్నచో ఎంత ఉన్నది? అది ఎక్కడినుండి వచ్చినది? మన శరీరమునకు అది చాలునా? ఇనుముతో పాటు రాకూడని లోహములేవైన అందులో చేరునా? ఈ ప్రశ్నలకు రసాయన శాస్త్రము చెప్పిన సమాధానములను ఈ ప్రసంగమున శ్రోతల ముందుంచుచున్నాము.

ముందుగా తేనె యనగా నేమో చూతము. తేనె నూరు పాళ్ళలో సుమారు 17 మొదలు 20 పాళ్ళు నీరు. మిగిలినదానిలో అధిక భాగము చక్కెరలే. ఫలశర్కర 38 పాళ్ళు, ద్రాక్షశర్కర 31 పాళ్ళు, ఇతర శర్కరలు పదిపాళ్ళు ఉండును. ఇవి పోగా మిగులునది మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పములోనే తేనెకు రంగు నిచ్చు పదార్థములు, వాసన నిచ్చు పదార్థములు, కొద్దిపాటి ఆమ్లములు, ఈగ నోటినుండి వచ్చిన కిణ్వములు, పుప్పొడి రేణువులు, వీనితో పాటు మనము ఇప్పుడు చెప్పుకొనబోవు ఖనిజ లవణములు ఇమిడి యున్నవి.

తేనెలో ఖనిజములున్నవని తెలిసికొనుటకు సులభమైన మార్గము దానిని కాల్చుటయే. పొయ్యిలో కట్టె కాలిన తరువాత బూడిద మిగులును గదా! కట్టెలో కాలగలిగినదంతయు పొగయై, ఆవిరియై పోగా, కాలనిది బూడిదగా నిలిచినది. చెట్టు నేలనుండి పీల్చుకొన్న లవణములే ఆ బూడిద. తేనెను చిన్న మూసలో పోసి వేడిచేసినచో మొదట పొంగును, పిమ్మట మాడి నల్లని బొగ్గగును, ఆరువందల డిగ్రీల వేడిమిలో బొగ్గు కూడ కాలిపోయి, మూస అడుగున తెల్లని పొడి లేశమాత్రము మిగులును. ఆ పొడియే తేనెలోని ఖనిజముల మొత్తము. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వైట్ అను రసాయన శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఆ దేశపు తేనెలను 490 నమూనాలను పరీక్షించి 1962లో ఒక నివేదికను ప్రకటించిరి. అందు బూడిద సగటున నూటికి 0.17 పాళ్ళుగా తేలినది. అనగా కిలో తేనెను కాల్చినచో మిగులునది రెండు గ్రాములైనను లేని చిటికెడు పొడి. అయితే ఈ సగటు వెనుక గొప్ప తారతమ్యము దాగియున్నది. అతి తక్కువ ఉన్న నమూనాలో అది 0.02 పాళ్ళు మాత్రమే. అతి ఎక్కువ ఉన్నదానిలో ఒక పాలు దాటినది. ఒకే పేరు గల పదార్థములో ఇట్లు ఏబది రెట్ల తేడా ఎందుకు వచ్చినది? దీనికి సమాధానము తేనె పుట్టుకలోనే ఉన్నది.

తేనెటీగ తేనెను సృష్టింపదు. పువ్వు ఇచ్చిన మకరందమును తెచ్చి, దానిలోని నీటిని విసరి ఆరబెట్టి, చక్కెరను తన కిణ్వములతో మార్చి, అరలో నిలువ చేయును. మకరందము మొక్క కాండములో ప్రవహించు ఆహార రసమునుండి ఊరును. మొక్క ఆకులో తయారైన చక్కెరను వేళ్ళకును, పూలకును, కాయలకును చేరవేయునది ఈ రసమే. వేళ్ళు నేలనుండి పీల్చిన లవణములలో కొన్ని ఈ రసములో తేలికగా ప్రయాణము చేయును, కొన్ని చేయలేవు. పొటాసియము తేలికగా ప్రయాణము చేయును. అందుచేతనే తేనెలోని ఖనిజములలో అగ్రస్థానము పొటాసియముదే. కాల్షియము అట్లు కాదు. అది ఆకులకు చేరిన పిమ్మట అక్కడనే నిలిచిపోవును. అందుచేత మకరందములో దాని పాలు తక్కువ. ఈగ ఎంత శ్రమించినను పువ్వులోనికి రాని లవణమును తేనెలోనికి తేజాలదు.

ఇందు నేలకును భాగమున్నది. పొటాసియము సమృద్ధిగా గల నేలలో పెరిగిన మొక్క మకరందము ఒక విధముగాను, చవిటినేలలో పెరిగిన మొక్క మకరందము మరియొక విధముగాను ఉండును. మొక్కల జాతులలోను భేదము కలదు. అరకు లోయలో కార్తీక మాసమున పసుపు తివాచీ పరచినట్లు పూచు వలిసె పూల తేనె, వేసవిలో వేప, కానుగ, నేరేడు చెట్ల పూలనుండి వచ్చు తేనె, నల్లమల అడవులలో చెంచులు బండల అంచులనుండి దింపు పెద్ద తేనెపట్టుల తేనె — ఇవి రంగులోను, రుచిలోను ఒకదానిని బోలి మరియొకటి ఉండవు. తేనెలోని పుప్పొడియు ఖనిజములను తెచ్చును. వడకట్టని తేనెలో పుప్పొడి ఎక్కువగా ఉండును గనుక ఇనుము, జింకు వంటివి కొద్దిగా హెచ్చుగా ఉండవచ్చును.

రంగునకును ఖనిజములకును సంబంధము కలదని మన పెద్దలు ఊహించియే నల్లని తేనెకు బలమెక్కువ అనిరేమో. ఆ సంబంధమును అంకెలతో నిరూపించిన ఘనత అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన షూటె అను ఆచార్యునికిని, ఆయన శిష్యులకును చెందును. వారు 1932 మొదలు 1939 వరకు ఒక్కొక్క మూలకమును వరుసగా తీసికొని, లేతరంగు తేనెలలో ఎంత ఉన్నది, ముదురురంగు తేనెలలో ఎంత ఉన్నది అని కొలిచిరి. ఆ అంకెలను నేటికిని తేనె గ్రంథములు ఉదాహరించుచున్నవి. కిలో లేత తేనెలో పొటాసియము 205 మిల్లీగ్రాములు, ముదురు తేనెలో 1,676 మిల్లీగ్రాములు. అనగా ఎనిమిది రెట్లు. సోడియము లేతదానిలో 18, ముదురుదానిలో 76. మెగ్నీషియము 19, 35. భాస్వరము 35, 47. ఇనుము లేతదానిలో 2.4, ముదురుదానిలో 9.4. రాగి 0.29, 0.56. మాంగనీసు మాత్రము లేతదానిలో 0.3 ఉండగా ముదురుదానిలో 4 మిల్లీగ్రాములు దాటినది. ఇది పదునాలుగు రెట్ల భేదము. కాల్షియము సంగతి విచిత్రము. లేతదానిలో 49, ముదురుదానిలో 51. రంగు ఎంత మారినను దాని పాలు మారలేదు.

ముదురు తేనెలలో మరియొక రకము కలదు. కొన్ని చిన్న పురుగులు చెట్టు కొమ్మలకు అంటిపెట్టుకొని ఆహార రసమును పీల్చి, తమకు చాలిన మేరకు గ్రహించి, మిగిలిన తీపి ద్రవమును ఆకులపై విడుచును. ఈగలు పూలు దొరకనప్పుడు ఈ ద్రవమును సేకరించి తేనె చేయును. యూరపు ఖండపు దేవదారు వనములలో ఇట్టి తేనె విరివిగా లభించును. ఇది పువ్వు జల్లెడ పట్టిన మకరందము కాదు, మొక్క రసమే ఇంచుమించు నేరుగా వచ్చినది. కావున ఇందు లవణములు హెచ్చు, రంగు నలుపు. ఈ తేనెను పూలతేనెనుండి వేరుచేయుటకు పూర్వము బూడిదను తూచెడివారు. 2001లో అంతర్జాతీయ ఆహార ప్రమాణములును, యూరపు దేశముల ప్రమాణములును సవరింపబడినప్పుడు బూడిద పరీక్షకు బదులు విద్యుద్వాహకత పరీక్షను స్వీకరించిరి. లవణములు కరిగిన నీటిలో విద్యుత్తు సులభముగా పారును, చక్కెర నీటిలో పారదు. కాబట్టి తేనెను నీటిలో కలిపి అందు విద్యుత్తు ఎంత పారునో చూచినచో, కాల్చకయే లవణముల పరిమాణమును అంచనా వేయవచ్చును.

మొత్తము తెలిసినంతమాత్రమున ఏ లోహము ఎంత యున్నదో తెలియదు. దానికి వెలుగు సాయము కావలెను. ఉప్పు రవ్వ పొయ్యిలో పడినప్పుడు మంట పసుపుపచ్చగా వెలుగుట గృహిణులందరు చూచినదే. అది సోడియము రంగు. పొటాసియమైనచో మంట లేత ఊదారంగు పొందును. ప్రతి మూలకమునకు తనదైన వెలుగు గీతలున్నవని జర్మనీ దేశపు హైడల్‌బర్గు నగరమున బున్‌సెన్, కిర్‌కాఫ్ అను శాస్త్రజ్ఞులు 1860 ప్రాంతమున చాటిరి. 1955లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఆలన్ వాల్ష్ ఈ సూత్రమును తలక్రిందులు చేసి, మంటలోని పరమాణువులు వెలుగును ఎంత మ్రింగునో కొలిచి, లోహములను లెక్కించు పద్ధతిని ప్రకటించెను. నేడు పరమాణువులను విద్యుదావేశితములుగా చేసి ఒక్కొక్క దానిని బరువునుబట్టి వేరుచేయు యంత్రములు వచ్చినవి. కిలో తేనెలో మిల్లీగ్రామునందు వేయవ వంతు సీసమున్నను ఇవి పట్టగలవు.

ఇక మన మొదటి ప్రశ్నకు వత్తము. ఈ ఖనిజములు మనకు చాలునా? మేమిచ్చట ఒక చిన్న లెక్కను చేసి చూపెదము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనకు ఏ పోషకము దినమునకు ఎంత కావలెనో నిర్ణయించు సంస్థ. ఇది 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా వెలసి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 2020లో ఈ సంస్థ ప్రకటించిన ప్రమాణముల ప్రకారము స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను, పురుషునకు 19. ఒక పెద్ద చెంచా తేనె సుమారు 20 గ్రాములు తూగును. ముదురు తేనెయే అనుకొన్నను, విస్కాన్సిన్ లెక్కచొప్పున ఆ చెంచాలో ఉండు ఇనుము 0.19 మిల్లీగ్రాము. స్త్రీకి కావలసిన ఇనుమంతయు తేనెనుండియే రావలెనన్నచో ఆమె దినమునకు నూట ఏబది చెంచాలు, అనగా మూడు కిలోల తేనె త్రాగవలెను. లేత తేనెయైనచో పండ్రెండు కిలోలు! మూడు కిలోల తేనెలో తొమ్మిదివేల కెలోరీల శక్తి కలదు. ఆమెకు దినమంతటికి కావలసినది సుమారు రెండువేలు మాత్రమే.

కాల్షియము సంగతి ఇంకను స్పష్టము. నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియమున్నదని ఆ సంస్థయే 2017లో ప్రకటించిన ఆహార పట్టికలు చెప్పుచున్నవి. అంత కాల్షియము తేనెనుండి రావలెనన్నచో ఏడు కిలోల తేనె కావలెను. ఆ నూరు గ్రాముల రాగులలో నున్న ఇనుము 4.6 మిల్లీగ్రాములు. ఇది అర కిలో ముదురు తేనెలోని ఇనుముతో సమానము. పొటాసియము తేనెలో ముఖ్యమైనదని చెప్పియుంటిమి. ఐనను నూరు గ్రాముల అరటిపండు గుజ్జులోని పొటాసియమునకు పది చెంచాల ముదురు తేనె గాని సరితూగదు. రాగి సంకటి ముద్దయు, అరటిపండును తేనెకంటె ఎంతో చవుక. మన పొలములలో పండునవే.

ఈ లెక్క వినోదమునకై చేసినది కాదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏండ్లు మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆంధ్ర ప్రదేశములో ఆ అంకె 58.8, తెలంగాణములో 57.6. అనగా ఈ ప్రసంగమును వినుచున్న ఇండ్లలో సగమునకు పైగా ఇండ్లలో ముఖము పాలిపోయి, మెట్లెక్కిన ఆయాసపడు తల్లియో, కోడలో, కూతురో ఉండవచ్చును. అట్టి ఆమెకు ఉదయము నిమ్మరసములో చెంచాడు తేనె కలిపి యిచ్చి, రక్తము పట్టునులే అని నిశ్చింతగా ఉండుట ప్రమాదము. తేనె ఆమెకు హాని చేయదు. కాని తేనెపై పెట్టుకొన్న నమ్మకము హాని చేయును, ఏలయన ఆ నమ్మకముతో నెలలు గడచిపోవును. గర్భిణి విషయములో ఆ నెలలు రెండు ప్రాణములకు సంబంధించినవి. రక్త పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన ఇనుపధాతువు మాత్రలు వాడి, ఆకుకూరలు, పప్పుధాన్యములు, రాగులు, మాంసాహారులైనచో మాంసము భుజించుటయే సరియైన మార్గము. భోజనముతో ఉసిరికాయయో, నిమ్మకాయయో తీసికొన్నచో అందలి సి విటమిను ఇనుమును ఒంటబట్టించును. భోజనమైన వెంటనే తేనీరు త్రాగినచో అందలి వగరు ఇనుమును పట్టి యుంచి ఒంటికి అంటనీయదు. ఆ నిమ్మరసములో చెంచాడు తేనె ఉండిన ఉండవచ్చును. మేలు చేయుచున్నది నిమ్మకాయ, రుచి యిచ్చుచున్నది తేనె.

అట్లయిన తేనె నిరర్థకమా? కాదు. తేనె శీఘ్రముగా శక్తి నిచ్చు ఆహారము. గొంతునకు మెత్తదనము నిచ్చి దగ్గును కొంత ఉపశమింపజేయును. దాని పరిమళము, రుచి మరి దేనికిని రావు. అంతమాత్రమున అది చక్కెర కాకపోదు. మధుమేహము గలవారు దానిని చక్కెరతో సమానముగనే లెక్కింపవలెను. శిశువుల విషయములో మరియొక హెచ్చరిక చేయవలసి యున్నది. పుట్టిన బిడ్డ నాలుకపై తేనె రాయు ఆచారము మన ఇండ్లలో పెక్కింట కలదు. తేనెలో ఒకానొక సూక్ష్మజీవి బీజములు నిద్రాణముగా ఉండవచ్చును. పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తజాలవు. ఏడాది నిండని శిశువు ప్రేగులలో మొలకెత్తి, విషమును పుట్టించి, కండరములను చచ్చుపడజేయగలవు. ఈ వ్యాధిని వైద్యులు 1976లో గుర్తించిరి. కావున ఏడాది నిండువరకు బిడ్డకు తేనె నాకింపరాదు. అందలి ఖనిజములకొరకు ఈ అపాయమునకు లోనుకావలసిన పని లేదని పై లెక్కయే చెప్పుచున్నది.

ఇంతవరకు పువ్వుద్వారా తేనెలోనికి వచ్చు లోహములను గూర్చి చెప్పితిమి. మరికొన్ని లోహములు పాత్రద్వారా వచ్చును. తేనె తీపిదే అయినను దానిలో పులుపు దాగియున్నది. ఈగ కిణ్వము ద్రాక్షశర్కరను మార్చుటచే పుట్టిన ఆమ్లము అందు కలదు. తీపి కప్పివేయుటచే ఆ పులుపు మన నాలుకకు తెలియదు, లోహమునకు తెలియును. చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో నిలువ యుంచినచో కిలుము పట్టునని గృహిణులకు ఒకరు చెప్పనక్కరలేదు. తేనె సంగతియు అట్టిదే. పులుసు ఒక పూట ఉండును, తేనె యేండ్ల తరబడి ఉండును. జింకు పూత పూసిన రేకు డబ్బాలో పోసినచో జింకు, కళాయి లేని రాగి ఇత్తడి పాత్రలలో పోసినచో రాగి, తుప్పు పట్టిన ఇనుప డబ్బాలో పోసినచో ఇనుము తేనెలో కరుగును. పాత కిరసనాయిలు డబ్బాలవంటి వానిని సీసము కలిసిన టంకముతో అతికెడివారు. వానిలో తేనె పోసినచో సీసము కూడ కరుగును. ఇచ్చట మాటలో ఒక చిక్కు కలదు. సీసము వేరు, సీసా వేరు. గాజు సీసా తేనెకు ఉత్తమమైన పాత్ర. మన అవ్వలు ఊరగాయలకు వాడు జాడీ, నేటి స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర కూడ మంచివే.

ఇనుప డబ్బాలో చెడిన తేనెను తేనీటిలో కలిపినచో తేనీరు నల్లబడును. దీని కారణమును మన తాతలు ఎరుగుదురు. వారు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసికొనెడివారు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి నలుపైనట్లే, తేనీటిలోని వగరు తేనెలోని ఇనుముతో కలిసి నలుపగును. మన లోటాలో తయారైనది ఆ సిరాకు చుట్టమే.

మూడవ మార్గము గాలి. తేనెటీగ గూటినుండి రెండు మూడు కిలోమీటర్ల దూరము తిరుగును. ఆ మేర పువ్వులపై, ఆకులపై, నీటిగుంటలపై పడిన ధూళి దాని ఒంటి నూగునకు అంటుకొనును. వేలకొలది ఈగలు దినమునకు పెక్కుమారులు తిరిగివచ్చి ఆ ధూళిని గూటికి చేర్చును. దానిలో కొంత ఈగ శరీరమున, కొంత మైనమున, కొంత పుప్పొడిలో నిలిచి, మిక్కిలి కొద్దిభాగము తేనెలో చేరును. దీనిని గమనించి శాస్త్రజ్ఞులు తేనెపట్టును పరిసరముల శుచిని పరీక్షించు సాధనముగా వాడనారంభించిరి. అమెరికా వాయవ్య తీరమున ప్యూజెట్ సౌండ్ ప్రాంతములో ఈగలు పెంచు సామాన్యులు తమ గూళ్ళలోని ఈగలను ఇచ్చి సహకరింపగా జరిగిన పరిశోధన 1985లో ప్రకటింపబడినది. అందులో ఆర్సెనిక్, కాడ్మియము అను విషలోహములు ఏయే ప్రాంతములలో ఎక్కువగా ఉన్నవో పటము గీయగలిగిరి. ఒక్క యంత్రమైనను నిలుపకుండ ఆ పని చేసినవి ఈగలే.

కెనడాలోని వాంకూవరు నగరమున బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయము వారు నగరపు గూళ్ళలోని తేనెను పరీక్షించి 2019లో తమ ఫలితములను ప్రకటించిరి. పల్లెపట్టులనుండి నగర కేంద్రమునకు, రేవునకు సమీపించుకొలది తేనెలో సీసము హెచ్చినది. సీసమునకు బరువు భేదము గల నాలుగు స్థిర రూపములు కలవు. ఏ గనినుండి వచ్చిన సీసములో ఏ రూపము ఎంత యున్నదో దానినిబట్టి సీసము జాడ తెలియును. నగరపు తేనెలోని సీసము ఆ నేల సహజముగా ఇచ్చినది కాదని, మనుష్యుల పనుల వలన వచ్చినదని ఇట్లు తేలినది. అయినను భయపడవలసినంత లేదు. సీసము హద్దు మీరవలెనన్నచో పెద్దవారొకరు దినమునకు 600 గ్రాములకు పైగా ఆ తేనెను తినవలెనని వారు లెక్కగట్టిరి.

పారిస్ నగరమున జరిగినది ఇంకను చిత్రమైన ఉదంతము. 2019 ఏప్రిల్ 15వ తేదీన అచ్చటి ప్రసిద్ధమైన నోటర్‌డామ్ దేవాలయము తగులబడినది. దాని పైకప్పున, శిఖరమున నూర్లకొలది టన్నుల సీసపు రేకులుండెను. ఆ మంటలలో సీసపు ధూళి గాలివాటున నగరముపై వ్యాపించినది. అదే సంవత్సరము జూలై నెలలో ఆ నగరపు గూళ్ళనుండి 36 తేనె నమూనాలను తీసి పరీక్షించిరి. అగ్నిప్రమాదమునకు ముందు పారిస్ తేనెలో కిలోకు 0.009 మిల్లీగ్రాముగా ఉన్న సీసము, గాలి వీచిన దిక్కున ఉన్న గూళ్ళలో సగటున 0.023కు పెరిగినది. ఒక గూటి తేనెలో 0.08 వరకు వచ్చినది. యూరపు దేశములవారు తేనెకు విధించిన హద్దు కిలోకు 0.10 మిల్లీగ్రాము. కావున ఆ తేనె తినదగినదే. కాని నగరముపై ఏ ధూళి ఏ దిక్కునకు పోయినదో తేనెపట్టు మూడు నెలల తరువాత కూడ సాక్ష్యము చెప్పినది.

సీసము పిల్లల మెదడునకు శత్రువు. దానికి నిరపాయమైన మోతాదు ఇంత అని చెప్పుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరింపదు. ఒకప్పుడు మోటారు పొగలో సీసము వచ్చుచుండెడిది. మన దేశమున 2000లో సీసము కలిపిన పెట్రోలును మాన్పించిరి. 2021లో అల్జీరియా దేశము కూడ మానుకొనుటతో ప్రపంచమంతటను మోటారు కార్లకు దాని అమ్మకము ముగిసినది. ఐనను పాత ధూళి నేలలో ఉండనే యున్నది. లోహములను కరగించు కొలిముల ప్రక్కను, చెత్త తగులబెట్టు దిబ్బల ప్రక్కను, రద్దీ రహదారుల ప్రక్కను ఈగల పెట్టెలను నిలుపుట మంచిది కాదు. ఈగలు పెంచు రైతులు ఈ సంగతి గుర్తింపదగును. ఇట్టి రద్దీకి దూరమైన పాడేరు, చింతపల్లి, నల్లమల అడవుల గిరిజనులు తేనె దింపి అమ్ముకొనుచున్నారు. వారి అటవీ ఫలసాయమును కొనుటకై 1956లో గిరిజన సహకార సంస్థ వెలసినది. కొండ తేనె పరిశుభ్రమైన గాలిలో పుట్టినదైనను, దానిని దింపి పోయు డబ్బా మంచిది కానిచో ఆ పరిశుభ్రత నిలువదు. అడవిలో చెట్టెక్కి, బండపై వ్రేలాడి, ప్రాణమునకు తెగించి తెచ్చిన తేనెను తుప్పుడబ్బా పాడుచేయుట ఎంత అన్యాయము!

తేనెలోని లోహముల కలయిక ఒక విధముగా దాని ఊరి పేరు చెప్పును. ఒక ప్రాంతపు నేలకు, అచ్చటి పూలకు తగినట్లు పది పదునైదు మూలకముల నిష్పత్తి ఏర్పడును. ఒక దేశపు తేనెను మరియొక దేశపు తేనెగా అమ్ముచున్నారేమో కనిపెట్టుటకు శాస్త్రజ్ఞులు ఈ నిష్పత్తిని సాక్ష్యముగా తీసికొనుచున్నారు. తేనెలో చక్కెర పాకము కలిపినచో లవణములు పలచబడును, ఏలయన శుద్ధిచేసిన చక్కెరలో అవి ఇంచుమించు లేవు. కాని లేత తేనెలలో సహజముగనే లవణములు తక్కువ గనుక ఈ ఒక్క పరీక్షతో తేనె కల్తీదని నిర్ణయింపరాదు. రంగునుబట్టి నిర్ణయించుటయు అట్టిదే. నల్లని తేనె యెల్ల మంచిది కాదు, లేత తేనె యెల్ల కల్తీది కాదు. అతిగా కాచిన తేనెయు, పాతబడిన తేనెయు నల్లబడును. వేడిచే వచ్చిన నలుపు ఒక్క మిల్లీగ్రాము ఇనుమునైనను అదనముగా తేజాలదు.

ఇప్పుడు మన ప్రశ్నలకు సమాధానములు దొరకినవి. తేనెలో ఇనుమున్నది, పొటాసియమున్నది, రాగి, మాంగనీసు, జింకు ఉన్నవి. అవి నేలనుండి మొక్కకు, మొక్కనుండి పువ్వునకు, పువ్వునుండి ఈగకు చేరి మనవరకు వచ్చినవి. కాని వాని పరిమాణము మన ఆకలికి చాలదు. చెంచాడు తేనె నాలుకకు తీపి, గొంతునకు హాయి. రక్తము కావలసినవారికి ఆకుకూర, రాగి ముద్ద, వైద్యుని మాత్ర కావలెను. ఇంటిలోని ఆడువారి ముఖము పాలిపోయినచో తేనె సీసాకొరకు అలమార తెరచుటకు ముందు, దగ్గరలోని ఆరోగ్య కేంద్రమునకు వారిని తీసికొనిపోయి రక్త పరీక్ష చేయింపుడు. తేనె సీసా ఎక్కడికిని పోదు. మంచి సీసాలో మూత బిగించి యుంచినచో ఏండ్లు గడచినను అట్లే యుండును. రక్తహీనత అట్లు వేచియుండదు.